పదకొండు వేల పంటి డాక్టరు

విశ్వవిద్యాలయ భోజనశాలలో దొనాతా లాసొరెల్లా గరిట పట్టి పంతొమ్మిదేళ్లయింది. ఇటలీలోని బారీ నగరంలో ఇవాళ బోర్డులు పెట్టుకుని కూర్చున్న వకీళ్లలో, ఇంజనీర్లలో సగం మంది ఆమె వడ్డించిన పాస్తా తిని చదువుకున్నవాళ్లే. అందుకామెకు గర్వమేమీ లేదు. వాళ్లు పళ్లేల్లో ఏమేం వదిలేసి లేచేవాళ్లో రోజూ ఎత్తిపోసిన మనిషి కాబట్టి వాళ్లంటే గౌరవం కూడా పెద్దగా లేదు.

వడ్డించే బల్ల చివర ఒక చిన్న యంత్రం ఉంటుంది. విద్యార్థి తన కార్డు దానికి ఆనిస్తే దీపం వెలుగుతుంది. ఇంటి ఆదాయం తక్కువని ప్రభుత్వం నమ్మి స్కాలర్‌షిప్ ఇచ్చిన పిల్లలకు పచ్చ దీపం, వాళ్లకు భోజనం ఉచితం. కాస్త ఉన్నవాళ్లకు పసుపు. ఎర్ర దీపం వస్తే మొత్తం ధర కట్టాలి. ఎవరికి ఏ దీపం వచ్చిందో పనివాళ్లు నోరెత్తకూడదని నియమం. ఆ నియమాన్ని దొనాతా పంతొమ్మిదేళ్లు పాటించింది, పెదవులతో. కళ్లను ఆపమని ఎవరూ చెప్పలేదు.

ఆ అక్టోబరులో ఒక సోమవారం మధ్యాహ్నం ఆమె సొంత కూతురి కార్డుకి ఎర్ర దీపం వెలిగింది.

రొసాల్బాకి ఇరవై మూడేళ్లు. రసాయన శాస్త్రంలో డిగ్రీ మూడేళ్లూ స్కాలర్‌షిప్ మీదే చదివింది, ఒక్క పరీక్ష తప్పకుండా. పీజీలో చేరి నెల కూడా కాలేదు.

"మళ్లీ పెట్టు," అంది దొనాతా.

పెట్టింది. ఎరుపే.

"ఈ యంత్రానికి ఏదో రోగమొచ్చింది."

"యంత్రం బాగానే ఉందమ్మా," రొసాల్బా గొంతు తగ్గించింది. "పొద్దున్నే జాబితా చూశాను. ఈ ఏడు నాకు రాలేదు. ఇంటికొచ్చాక చెబుదామనుకున్నా. వెనక జనం నిలబడ్డారు, నువ్వు వడ్డించు."

దొనాతా వడ్డించింది. ఎప్పుడూ వేసేదానికంటే రెండు గరిటెలు ఎక్కువే వేసింది, మొత్తం ధర ఎలాగూ కడుతోంది కదా అని. రొసాల్బా పళ్లెం తీసుకుని కదలగానే ఆ వెనక నిలబడ్డ అమ్మాయి కార్డు ఆనించింది. ఒంటె రంగు ఉన్ని కోటు, చెవులకు ముత్యాలు. పేరు లవీనియా స్కాత్తరెల్లి. రొసాల్బా తరగతే. దీపం లేత ఆకులా పచ్చగా వెలిగింది.

"కొంచెం చాలండీ. సాసు వద్దు. రొట్టె కూడా వద్దు," అంది లవీనియా.

ఆ పిల్ల తండ్రి ఎట్టోరె స్కాత్తరెల్లి పంటి డాక్టరు. సముద్రపు ఒడ్డు రోడ్డులో రెండంతస్తుల క్లినిక్కు. రేవులో ఒక తెల్ల పడవ, దాని పక్కన నీలి అక్షరాల్లో కూతురి పేరు. ఊళ్లో పళ్లున్న ప్రతివాడికీ ఆయన తెలుసు, పళ్లు లేనివాళ్లకు ఇంకా బాగా తెలుసు.

దొనాతా పక్కన కూరలు వడ్డించే సబీనా వైపు తిరిగింది. "చూశావటే? పాపం, డాక్టరు గారి ఇంట్లో పొయ్యి వెలగడం లేదు."

"నెమ్మదిగా అనవే, ఆ పిల్లకి వినపడుతుంది."

"వినపడాలనేగా అంటున్నది."

ఆ వారమే దొనాతా కార్మిక సంఘం సహాయ కార్యాలయానికి వెళ్లింది. ఆదాయ ధ్రువపత్రాలు తయారుచేసేది అక్కడే. నికోలా రూచా అనే ముసలాయన కళ్లజోడు నుదుటి మీదికి ఎత్తుకుని బల్లంతా దాని కోసమే వెతుకుతూ ఉంటాడు. దొనాతా ఆయన నుదుటి మీంచి కళ్లజోడు దించి ముక్కు మీద పెట్టి కూర్చుంది.

రూచా కాగితాలు తిరగేసి నిట్టూర్చాడు. "నూట అరవై మూడు యూరోలమ్మా."

"ఏమిటది, తక్కువా?"

"ఎక్కువ. పరిమితి దాటావు."

"నేనెక్కడ దాటాను? నా జీతం ఎంతో, మా ఆయన సవీనో జీతం ఎంతో మీకు తెలీదా? ఆయన ఇరవై రెండేళ్లుగా అదే సిటీ బస్సు నడుపుతున్నాడు."

"వాళ్లు చూసేది ఇప్పటి జీతం కాదు. రెండేళ్ల కిందటిది. అప్పుడు నువ్వు ఐదు నెలలు రెండు షిఫ్టులు చేశావు."

తోటి పనిమనిషి గ్రత్సియెల్లాకి తుంటి ఆపరేషన్ అయినప్పటి మాట అది. వంటింట్లో మనిషి లేక పై అధికారి బతిమాలితే దొనాతా ఒప్పుకుంది. ఆ ఐదు నెలలూ ఇంటికొచ్చి చెప్పులు విప్పితే పాదాలు చెప్పుల ఆకారంలోనే ఉండిపోయేవి.

"అంటే," అంది దొనాతా, "అప్పుడు నేను సోఫాలో పడుకుని టీవీ చూసుంటే ఇవాళ నా కూతురు పేదపిల్ల అయ్యుండేది."

"సరిగ్గా చెప్పావు."

"ఎవరండీ ఇంత తెలివిగా రాసింది?"

"నీకంటే నాకంటే చదువుకున్నవాళ్లు."

"పోనీ, పిల్ల పెద్దదయింది. పీజీ చదువుతోంది. దాని లెక్క దానికి, మా లెక్క మాకు వేరుగా చూడరా?"

"చూస్తారు. రెండేళ్లు మీ ఇంట్లో కాకుండా విడిగా ఉండాలి. ఆ రెండేళ్లూ తన కాళ్ల మీద తను బతికేంత సంపాదించినట్టు కాగితం చూపించాలి."

"అంత సంపాదించే పిల్ల స్కాలర్‌షిప్ కోసం మీ గుమ్మం ఎందుకెక్కుతుంది?"

రూచా తలుపు వైపు ఒకసారి చూసి ముందుకు వంగాడు. "ఒక దారుంది. సగం ఊరు చేస్తోంది. నువ్వూ సవీనో విడిపోండి. కాగితం మీదేలే! ఆయన పక్క ఊరు బిటొంటోలో వాళ్లమ్మ ఇంటి చిరునామా పెట్టుకుంటాడు. పడుకునేది ఎక్కడో ఎవరొచ్చి చూస్తారు? వచ్చే ఏడాదికి మీ పిల్ల జాబితాలో మొదటి పేజీలో ఉంటుంది."

"నాకు ముప్పై ఏళ్లుగా ఈ మొగుడి నుంచి విడిపోవడానికి నూరు కారణాలు దొరికాయి నికోలా గారూ. ఒక్కదానికీ విడిపోలేదు. ఇప్పుడు మీ ఫారం కోసం విడిపోవాలా?"

ఇంటికెళ్లి భోజనాల దగ్గర ఈ ముచ్చట చెబితే సవీనో ఫోర్కు కింద పెట్టి ఆలోచనలో పడ్డాడు. ఆయన ఆలోచించడం దొనాతాకి ఎప్పుడూ మంచి కబురు కాదు.

"అమ్మ ఇంట్లో ఆ పెద్ద మంచం ఖాళీగానే ఉంది కదా," అన్నాడు.

"ఏమయ్యా, మంచం మాట ఎందుకొచ్చింది? కాగితం మీద అన్నాను."

"కాగితమే లేవే. కానీ మధ్యమధ్య వెళ్లి పడుకుంటే నిజంలా ఉంటుంది కదా అని. అమ్మ ఆదివారాలు కందగడ్డల పులుసు కూడా చేస్తుంది."

రొసాల్బా నవ్వు ఆపుకోలేక నీళ్లు మింగి దగ్గింది. దొనాతా మాత్రం నవ్వలేదు. "ఆ డాక్టరు గారు అబద్ధం ఆడితే నేను ఊళ్లో తలెత్తుకుని ఆయన్ని తిడుతున్నా. రేపు నేనూ అదే ఆడితే ఎవర్ని తిట్టుకోను? నాకు మిగిలిన సరదా అదొక్కటే, అది కూడా తీసేస్తారా?" అంది.

అలా ఆ దారి మూసుకుపోయింది. ఫీజు మొదటి వాయిదా దొనాతా దాచిన డబ్బుతో కట్టారు.

నవంబరులో ఆమెకు కింది దవడ పన్ను నొప్పి పట్టుకుంది. ప్రభుత్వ ఆసుపత్రిలో అడిగితే ఫిబ్రవరిలో రమ్మన్నారు. నాలుగు రోజులు లవంగాలు నమిలి, ఐదో రోజు తల గోడకేసి కొట్టుకోవాలనిపించాక, ఆ స్కాత్తరెల్లి క్లినిక్కుకే వెళ్లింది. ఊళ్లో ఆ పూటకి ఖాళీ ఉన్నది అక్కడేనన్నారు. డాక్టరు పనిమంతుడే. ఆ మాట దొనాతా కూడా ఒప్పుకుంటుంది. ఇరవై నిమిషాల్లో నొప్పి పోగొట్టాడు. తర్వాత చేతులు తుడుచుకుంటూ తానే బయటి గదిలోకి వచ్చాడు.

"రసీదు కావాలా, వద్దా?" అన్నాడు, కాఫీలో పంచదార వేయాలా అని అడిగినంత తేలిగ్గా. "రసీదుతో అయితే నూట ఎనభై. లేకపోతే మీకూ నాకూ మధ్య, నూట ముప్పై."

యాభై యూరోలంటే దొనాతా ఇంట్లో చిన్న మొత్తం కాదు. ఆమె సగం మొద్దుబారిన నోటితో, ఒక్కొక్క అక్షరం కూడగట్టుకుని అంది: "రసీదు ఇవ్వండి. పెద్ద అక్షరాల్లో రాయండి."

డాక్టరు నవ్వు కొంచెం తగ్గింది. రసీదు పుస్తకం కోసం అక్కడి అమ్మాయి మూడు సొరుగులు తెరవాల్సి వచ్చింది. పైనున్న రసీదు మీద వేసవినాటి తేదీ ఉంది. వేసవి నుంచి నవంబరు దాకా బారీలో ఎవరికీ పన్ను నొప్పి రాలేదన్నమాట.

ఆ రాత్రి సవీనో "యాభై యూరోలు పోసి ఏం కొన్నావే?" అని అడిగితే, "ఆయన మొహం," అంది దొనాతా.

చలికాలం గడిచింది. రొసాల్బా పొద్దున లైబ్రరీకి, మధ్యాహ్నం ప్రయోగశాలకు, సాయంత్రం ఎక్కడికో వెళ్లి వచ్చేది. ఎక్కడికని దొనాతా అడగలేదు. ఎవరైనా కుర్రాడేమో అనుకుని, వాడి ఇంట్లో ఏం పని చేస్తారో అని మాత్రం కంగారుపడింది.

మార్చి చివర్లో రెండో వాయిదా గడువు దగ్గర పడింది. దొనాతా కవరు తీసి బల్ల మీద పెట్టింది.

"అక్కర్లేదమ్మా, కట్టేశాను," అంది రొసాల్బా.

"ఎక్కడివి?"

"సంపాదించాను."

"అదే, ఎక్కడ?"

రొసాల్బా పుస్తకం మూసింది. "లవీనియాకి పాఠాలు చెబుతున్నాను. వాళ్లింట్లో. మంగళవారం, శుక్రవారం, రెండేసి గంటలు. గంటకి పన్నెండు."

దొనాతా కుర్చీ లాక్కుని కూర్చుంది. కుర్రాడై ఉంటే బాగుండునని మొదటిసారి అనిపించింది.

"ఆ పిల్లకి పాఠాలెందుకు? తండ్రి పడవలో తిప్పుతాడుగా."

"ఆగస్టు పదో తేదీలోగా ఇన్ని పరీక్షలని పాసవ్వాలి కదమ్మా. లేకపోతే వచ్చే ఏడాది స్కాలర్‌షిప్ ఉండదు. ఆదాయం ఒక్కటే చాలదు, మార్కులూ చూస్తారు. తనకి ఒక్కటీ రావడం లేదు."

"అంటే నీకు రావాల్సిన స్కాలర్‌షిప్ అది తీసుకుంటుంది. దాన్ని నిలబెట్టే పని నువ్వు చేస్తున్నావు. అంతేగా?"

"నేను తీసుకోకపోతే ఇంకొకరు తీసుకుంటారు. నాకు ఫీజు కట్టాలి."

"కాగితం రాసిస్తున్నాడా?"

"ఏ కాగితం?"

"పనికి పెట్టుకున్నట్టు, జీతం ఇస్తున్నట్టు."

రొసాల్బా తల్లి వంక జాలిగా చూసింది. "నువ్వు పనిచేసింది కాగితం మీదేగా అమ్మా. ఐదు నెలలు. ఏమైంది?"

డాక్టరు గారి మీద ఇన్ని నెలలుగా పోగుచేసుకున్న తిట్లన్నీ ఒక్కసారిగా తన వంటింట్లోకే వచ్చి కూర్చున్నట్టనిపించింది. అబద్ధాల డబ్బుతో తన ఇంటి ఫీజు కట్టారు. అది తెలిసీ ఆ కవరులో డబ్బు మిగిలినందుకు లోపల ఎక్కడో కొంచెం హాయిగా కూడా ఉంది. ఆ హాయిని ఆమె అన్నిటికంటే ఎక్కువగా అసహ్యించుకుంది.

శుక్రవారం షిఫ్టు అవగానే ఏప్రన్ సంచిలో పెట్టుకుని స్కాత్తరెల్లి గారింటికి వెళ్లింది. లిఫ్టులో మైనం వాసన. తలుపు తీసింది డాక్టరు గారి భార్య మిరెల్లా. ఆవిడ దొనాతాని పైనుంచి కిందకి చూసి, "ఏజెన్సీ వాళ్లు గురువారమన్నారే? సరేలే, వంటింటి వైపు నుంచి రా," అంది.

"నేను ఊడవడానికి రాలేదమ్మా. రొసాల్బా వాళ్లమ్మని."

లోపల పెద్ద భోజనాల బల్ల దగ్గర ఆడపిల్లలిద్దరూ పుస్తకాలు పరుచుకుని ఉన్నారు. తల్లిని చూడగానే రొసాల్బా మొహం పాలిపోయింది. డాక్టరు ఇంటి చెప్పుల్లో, పడక కుర్చీలో కూర్చుని కమలాపండు ఒలుచుకుంటున్నాడు.

"ఆ, రసీదావిడ!" అన్నాడు నవ్వుతూ. "పన్ను ఎలా ఉంది?"

"పన్ను బాగుంది డాక్టరు గారూ. మా అమ్మాయి మీ దగ్గర మూడు నెలలుగా పనిచేస్తోందట. మంచిదే. దానికొక కాగితం రాసివ్వండి. ఎన్ని గంటలు, ఎంత, ఎవరు ఎవరికి ఇస్తున్నారు. అంతే."

"ఇదంతా ఎందుకమ్మా? పిల్లలిద్దరూ ఒక తరగతి. స్నేహం కొద్దీ చెబుతోంది."

"స్నేహానికి గంటకి పన్నెండు యూరోలని నాకు తెలీదండీ. తెలిస్తే నేనూ ఇద్దరు ముగ్గురితో చేసుండేదాన్ని."

డాక్టరు ఒక తొన నోట్లో వేసుకున్నాడు. ఆయన ఆ ముక్క నమిలి ఏదో ఒక మర్యాద మాట చెప్పి పంపేసేవాడే. కానీ మిరెల్లా నిజంగానే ఆందోళన పడింది. మంచి మనసో, మతిమరుపో, భర్త వైపు తిరిగి అంది:

"కాగితం ఎలా కుదురుతుంది ఎట్టోరే? ఏడాదికి ఆదాయం పదకొండు వేలే కదా చూపించావు. అందులో ట్యూషను ఎక్కడ చూపిస్తావు?"

లవీనియా తల పుస్తకంలోకి దించుకుంది. ముత్యాల వెనక చెవులు ఎర్రగా కందిపోయాయి. ఆ పిల్లకి ఆ అంకె అప్పటిదాకా తెలియదనే దొనాతాకి అనిపించింది. తెలుసుకోవాలని కూడా ఎప్పుడూ అనుకోలేదనీ అనిపించింది.

"పదకొండు వేలా!" దొనాతా రెండు చేతులూ గుండె మీద పెట్టుకుంది. "అయ్యయ్యో డాక్టరు గారూ, ఎప్పుడూ చెప్పలేదేం? పాస్తా వడ్డిస్తే నాకే అంతకంటే ఎక్కువిస్తున్నారు. మా భోజనశాలలో గిన్నెలు కడగడానికి ఒక మనిషి కావాలన్నారు. మీ పేరు చెప్పమంటారా? పెద్ద చదువులేం అడగరు. మధ్యాహ్నం భోజనం కూడా పెడతారు. మీ అమ్మాయి తింటోందిగా, రుచి తనని అడగండి."

డాక్టరు తొక్కలన్నీ పళ్లెంలో పడేసి లేచాడు. "బయటికి నడవండి."

"నడుస్తున్నానండీ. రొసాల్బా, పుస్తకాలు సర్దు."

"మమ్మల్ని బెదిరించడానికి వచ్చారా? ఎవరికైనా చెప్పుకుంటారా?"

"ఎవరికి చెప్పనండీ? మీ దగ్గర పళ్లు కట్టించుకోని అధికారి ఈ ఊళ్లో ఉన్నాడా?"

రొసాల్బా లిఫ్టు దిగి సముద్రపు ఒడ్డు రోడ్డు మీదికొచ్చాక ఆగింది. ఎదురుగాలికి జుట్టు మొహం మీద పడుతున్నా తీసుకోలేదు.

"నీకు హాయిగా ఉందా?"

"ఉంది," అంది దొనాతా. ఉంది కూడా.

"నాకు లేదు. నెలకి రెండు వందలు పోయాయి. నీకొక మాట దొరికింది, గిన్నెలు కడిగే మాట. రేపు సబీనాకి చెబుతావు, ఎల్లుండి గ్రత్సియెల్లాకి చెబుతావు, వేసవి దాకా నవ్వుకుంటారు. ఆ డాక్టరుకి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. మూడో వాయిదా మాత్రం నేను కట్టుకోవాలి. నన్ను అడిగావా? ఇరవై మూడేళ్లొచ్చాయి నాకు. అందరి ముందూ స్కూలు పిల్లలా పుస్తకాలు సర్దించావు."

ఎదుటివాళ్లని తీసిపారేసే మాటలు దొనాతా దగ్గర బోలెడున్నాయి. ఇలాంటి చోట చెప్పాల్సిన మాట ఒక్కటీ లేదు.

రెండు వారాలు కూతురు మాట్లాడలేదు. సబీనాకి ఆ ముచ్చట చెబుతున్నప్పుడు కూడా గిన్నెల మాట దగ్గరికొచ్చేసరికి దొనాతా గొంతు చప్పబడింది. సబీనా పొట్ట పట్టుకుని నవ్వింది. తనకి నవ్వు రాలేదు.

ఈస్టరు ముందు పై అధికారి వచ్చి, మళ్లీ మనుషులు తక్కువయ్యారు, నెలన్నర రెండు షిఫ్టులు చేస్తావా అని అడిగాడు. దొనాతా ఒక రోజు గడువడిగి సాయంత్రం రూచా దగ్గరికి వెళ్లింది.

"చెయ్యి," అన్నాడాయన. "ఈ ఏటి జీతం రెండేళ్ల తర్వాత లెక్కకొస్తుంది. అప్పటికి మీ పిల్ల పీజీ అయిపోతుంది. ఈ సెప్టెంబరులో వాళ్లు చూసేది నువ్వు ఒక్క షిఫ్టే చేసిన ఏడాదిని. పరిమితి లోపలే ఉంటావు."

"అంటే ఇప్పుడు కష్టపడొచ్చని ప్రభుత్వం వారు అనుమతిచ్చారు."

"అలాగే అనుకో."

నెలన్నర చేసింది. జూన్ మొదట్లో మూడో వాయిదా డబ్బు కవరులో పెట్టి కూతురి గది తలుపు కింద నుంచి తోసింది. కాసేపటికి తలుపు తెరుచుకుంది. రొసాల్బా వచ్చి వంటింట్లో తల్లి ఎదురుగా కూర్చుని, చెప్పులు విప్పించి, ఆ పాదాలు గోరువెచ్చని నీళ్ల తొట్టెలో పెట్టింది. ఇద్దరూ ఆ శుక్రవారం మాట ఎత్తలేదు.

"ఈసారి నన్ను అడిగి వెళ్లు," అంది రొసాల్బా.

"అడుగుతాను. నువ్వూ నాతో చెప్పి వెళ్లు."

"చెబుతాను."

లవీనియాకి ఇంకొక మాస్టారు దొరికాడు. ఆయన ముందుగా డబ్బు తీసుకుని తర్వాత ఫోను ఎత్తడం మానేశాడని తెలిసింది. జూన్‌లో ఒక పరీక్ష పోయింది, జూలైలో అదే పరీక్ష మళ్లీ పోయింది. ఆగస్టు పదో తేదీ దాటిపోయింది. సెప్టెంబరులో కొత్త జాబితా పెట్టినప్పుడు అందులో ఆమె పేరు లేదు. అంతకుముందు ఏడాది తీసుకున్నదాంట్లో కొంత తిరిగి కట్టమని ఉత్తరం కూడా వెళ్లిందట. ఇందులో దొనాతా చేసిందేమీ లేదు, డాక్టరు గారి ఆదాయం ఎవరూ తవ్వలేదు. ఆయన కాగితాల మీద ఇప్పటికీ నిరుపేదే.

జాబితాలో రొసాల్బా పేరు ఉంది. పేరు పక్కన రెండు ముక్కలు: అర్హురాలు, నిధులు లేవు.

"ఇదేం భాష?" అంది దొనాతా.

"స్కాలర్‌షిప్‌కి నాకు అర్హత ఉందట. ఇవ్వడానికి వాళ్ల దగ్గర డబ్బు లేదట. ఫీజు మాత్రం కట్టక్కర్లేదు."

"పిలిచి విస్తరేసి, వంట కాలేదని చెప్పారన్నమాట."

"ఫీజు పోయిందిగా అమ్మా. నాకది చాలు."

అక్టోబరులో సబీనాకి పన్ను పుచ్చింది. క్లినిక్కు నుంచి నేరుగా భోజనశాలకి వచ్చి, వాచిన బుగ్గతో, ఆయాసపడుతూ చెప్పింది. డాక్టరు పని చేసినంతసేపూ ఉపన్యాసమే ఇచ్చాడట. ఈ ప్రభుత్వం కష్టపడేవాళ్లని ఎన్నడూ పట్టించుకోదట, తెలివైన పిల్లల చదువుకి పైసా ఇవ్వదట, ఎవరెవరినో దొంగ కాగితాలవాళ్లని మేపుతోందట, అందుకే దేశం ఇలా తగలడిందట.

"నువ్వేమన్నావే?"

"ఏమంటాను? నా నోట్లో ఆయన చెయ్యి ఉంది."

"కొరకాల్సింది," అంది దొనాతా.

ఆ మరుసటి జూలైలో రొసాల్బా పీజీ పూర్తిచేసింది, మొత్తం మార్కులూ, వాటి మీద ప్రశంస కూడా వచ్చాయి. సవీనో యూనిఫారంలోనే వచ్చి, ఆచార్యులు చెయ్యి కలుపుతుంటే ఏడ్చేశాడు. తర్వాత రొసాల్బా పరిశోధన సీటుకి పరీక్ష రాసింది. ముప్పై ఎనిమిది మందిలో నలుగురిని తీసుకున్నారు, అందులో తను రెండోది. నెలనెలా భత్యం ఇస్తారు.

చేరడానికి ఫారం నింపుతుంటే దొనాతా కళ్లజోడు పెట్టుకుని పక్కన కూర్చుంది. పేరు, పుట్టిన తేదీ, పరీక్షలో వచ్చిన స్థానం, సంతకం.

"మరి మా జీతాలు ఎక్కడ రాయాలి?"

"అడగలేదమ్మా. దీనికి అక్కర్లేదు."

దొనాతా కాగితం తీసుకుని వెనక్కి తిప్పి చూసింది. ఖాళీ. కిందనున్న చిన్న అక్షరాలు వేలు పెట్టి చదివింది, ఒక్కొక్క గడీ మళ్లీ మొదటి నుంచి చూసుకుంటూ వచ్చింది. ఎక్కడా లేదు.

"ఎక్కడో పెట్టే ఉంటారు," అంది, కాగితాన్ని కిటికీ వెలుతురు వైపు ఎత్తి పట్టుకుని.